మరుగైన మానిక, చెల్లని కాణి

“పదహారణాల తెలుగు” అను మాట నేటికిని అందరి నోట వినబడుచున్నది. “పావలా వడ్డీ”, “తులము బంగారము”, “కాణీ విలువ చేయదు” అను మాటలును అట్టివే. కాని అణా అనగా రూపాయిలో ఎన్నవ భాగమో, కాణికిని అణాకును సంబంధమేమో, వీశెకు ఎన్ని తులములో చెప్పగల విద్యార్థులు నేటి తరగతులలో అరుదు. ఇందులో వారి తప్పేమియు లేదు. ఆ నాణెములు చెల్లక, ఆ తూనికరాళ్లు అంగళ్లలో కనబడక ఆరు దశాబ్దములు దాటినది.

అయినను ఇది పురాతన చరిత్ర కాదు. 1957 ఏప్రిల్ 1వ తేదీన కొత్త పైసలు వచ్చిననాడు పదేండ్ల బాలురుగా ఉన్నవారు నేడు ఎనుబది ఏండ్లకు చేరువలో ఉన్నారు. వారు చేతిలో అణా పట్టుకొని అంగడికి పోయినవారు, వీశెలతో బెల్లము తెచ్చినవారు, మానికతో బియ్యము కొలిచి పోసినవారు. ఒక దేశమంతయు తన నాణెములను, తూనికలను, కొలతలను ఏడెనిమిది సంవత్సరముల లోపల మార్చుకొనుట సామాన్యమైన విషయము కాదు. ఆ మార్పు ఎందులకు అవసరమైనదో, దానితోబాటు ఏమి మరుగున పడినదో తెలిసికొనుట చరిత్రకును, గణితమునకును కూడ చెందిన పని.

రూపాయియే తూనికరాయి

నేడు నాణెము వేరు, తూనికరాయి వేరు. పూర్వము ఈ రెండును ఒకే వ్యవస్థలో భాగములు. 1833లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము తులమును 180 గ్రెయినుల బరువుగా నిర్ణయించినది. ఇది 11.66 గ్రాములకు సమానము. 1835 చట్టము ప్రకారము ముద్రించిన వెండి రూపాయి బరువు కూడ సరిగా ఇంతే. అందులో 12 పాళ్లకు 11 పాళ్లు స్వచ్ఛమైన వెండి. కావున రూపాయి చేతిలో ఉన్నచో తులపు రాయి చేతిలో ఉన్నట్లే. 80 రూపాయల ఎత్తు ఒక సేరు, అనగా 933 గ్రాములు. అట్టి 40 సేర్లు ఒక మణుగు, అనగా 37.3 కిలోగ్రాములు.

ఈ రూపాయికి 16 అణాలు. అణాకు 4 కాణులు, లేక 12 పైలు. ఆ లెక్కను రూపాయికి 64 కాణులు, 192 పైలు అగును. రెండణాలు ఒక బేడ, నాలుగణాలు ఒక పావలా. ఒక్కొక్క నాణెమునకు ఒక్కొక్క ఆకారముండెను. అణాకు అలలవంటి అంచు, బేడకు చతురస్రాకారము. చీకటిలో సైతము వ్రేలితో తడిమి ఇది ఫలానా నాణెమని గుర్తింపవచ్చును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున లోహము కొరత ఏర్పడగా 1943లో నడుమ రంధ్రము గల కాణిని ముద్రించిరి. రూపాయిలోని వెండి సైతము 1940లో సగమునకు తగ్గినది. 1947లో వెండి పూర్తిగా తొలగి నికెలు వచ్చినది. 

పదహారే ఎందులకు?

స్థానవిలువతో కూడిన దశాంశ సంఖ్యాపద్ధతి భారతదేశముననే రూపొందినది. అట్టి దేశములో నాణెములు, తూనికలు పదులలో గాక పదహారులలో నడచుట వింతగా తోచును. దీనికి కారణము తక్కెడలోనే ఉన్నది.

ఒక బియ్యపు రాశిని ఐదు సమభాగములుగా చేయవలెనన్న కొలబద్దయో, రాళ్లో కావలెను. సగము చేయుటకు ఏ రాయియు అక్కరలేదు. తక్కెడ రెండు సిబ్బెలలో పోసి, ముల్లు నిలువుగా నిలుచువరకు సరిచేసిన చాలును. ఆ సగమును మరల సగము చేసిన పావు, దానిని సగము చేసిన అరపావు వచ్చును. ఇట్లు నాలుగు మార్లు సగము చేసిన వచ్చునది పదహారవ భాగము, ఆరు మార్లు చేసిన వచ్చునది అరువదినాలుగవ భాగము. చదువురాని మనిషి సైతము తన కన్నుల యెదుట సరిచూచుకొనగల భాగహార మిది. పదహారు అను సంఖ్య నిలుచుటకు బలమైన కారణము ఇదియే.

ఈ పద్ధతి ఎంత ప్రాచీనమో సింధులోయ త్రవ్వకములు తెలుపుచున్నవి. మొహెంజొదారో, హరప్పా నగరములలో దొరికిన ఘనాకారపు రాతి తూనికలు 1, 2, 4, 8, 16, 32, 64 అను వరుసలో రెట్టింపగుచు పోవును. వానిలో తరచుగా కనబడునది పదహారు పాళ్ల రాయి. దాని బరువు సుమారు 13.7 గ్రాములు. పెద్ద తూనికలలో మాత్రము పదులు, నూరుల లెక్క కనబడును.

తెలుగువారి ధాన్యపు కొలతలలోను ఇట్టి అమరికయే ఉన్నది. 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక, 2 మానికలు ఒక అడ్డ, 2 అడ్డలు ఒక కుంచము, 4 కుంచములు ఒక తూము. గిద్ద మొదలు తూమువరకు అన్నియు రెట్టింపులే. ఆపైన మాత్రము 20 తూములు ఒక పుట్టి. చేతితో కొలుచు చిన్న కొలతలకు సగములు, లెక్కించి చెప్పు పెద్ద కొలతలకు పదులు అనుకూలించినవి.

తెలుగు కరణములు, వర్తకులు లెక్కలు వ్రాయుటకు ఈ భాగములకు ప్రత్యేకమైన గుర్తులనే ఏర్పరచుకొనిరి. పావును నిలువు గీతతోను, పదహారవ భాగమైన వీసమును అడ్డగీతతోను వ్రాసెడివారు. అరకు రెండు నిలువు గీతలు, ముప్పాతికకు మూడు. రెండు వీసములు పరక, మూడు వీసములు మువ్వీసము. వీసములో నాలుగవ భాగమునకు, అనగా 64వ భాగమునకు పేరు కాణి. నాణెమునకు గల కాణి అను పేరు ఈ భిన్నముయొక్క పేరే. ఉదాహరణకు ఏడణాలు అనగా రూపాయిలో 7/16 వంతు. దీనిని ఒక పావుగాను, మూడు వీసములుగాను విడదీయవచ్చును. కావున ఒక నిలువు గీత, దాని ప్రక్క మూడు అడ్డగీతలు వ్రాసిన చాలును. నాలుగు ఆధారముగా గల ఈ భిన్నలిపి 2008లో యూనికోడ్ లిపిపట్టికలో చేరినది. కావున కంప్యూటరులో నేడును దీనిని వ్రాయవచ్చును. చదువగలవారే తగ్గిపోయిరి.

ఒకటే పేరు, వేరు కొలత

ఇంత చక్కని పద్ధతిని ఎందులకు వదలవలసి వచ్చినది? లోపము సగము చేయుటలో లేదు. ఊరూర ఒక ప్రమాణముండుటలో ఉన్నది.

సేరు అను ఒక్క మాటనే చూడుడు. ప్రభుత్వపు సేరు 80 తులములు. కాని మద్రాసు రాజధాని తెలుగు జిల్లాలలో వీశె లెక్క నడచెడిది. 3 తులములు ఒక పలము, 40 పలములు ఒక వీశె, అనగా 120 తులములు లేక సుమారు 1.4 కిలోగ్రాములు. ఈ వీశెలో ఐదవ భాగమును కూడ సేరనియే పిలిచిరి. ఆ సేరు 24 తులములే, అనగా 280 గ్రాములు. ఒకే పేరుగల రెండు తూనికలలో ఒకటి రెండవదానికి మూడు రెట్లకు మించియున్నది. మణుగు సంగతియు ఇంతే. 8 వీశెల మణుగు సుమారు 11.2 కిలోగ్రాములు కాగా, 40 సేర్ల మణుగు 37.3 కిలోగ్రాములు. దూరపు ఊరినుండి సరకు తెప్పించుకొనువాడు “ఏ మణుగు?” అని అడుగక బేరము చేసిన మునుగక తప్పదు.

నాణెముల విషయమునను ఇట్టి చిక్కులుండెను. హైదరాబాదు సంస్థానమునకు హాలీ సిక్కా అను స్వంత రూపాయి ఉండెను. దానికిని 16 అణాలే. కాని విలువ వేరు. 1950లో భారత రూపాయిని అక్కడ ప్రవేశపెట్టినపుడు 7 హాలీ రూపాయలకు 6 భారత రూపాయల చొప్పున మారకము నిర్ణయింపబడినది. అనగా ఒక భారత రూపాయికి 18 అణాల 8 పైల హాలీ సిక్కా ఇయ్యవలెను. ఈ హాలీ సిక్కా 1959 వరకు చెల్లుబాటులో నుండెను.

అన్నింటికంటె మోసమునకు తావిచ్చినది ధాన్యపు కొలత. కూలియు, కౌలును ధాన్యరూపమున చెల్లు దినములలో కొలపాత్ర ఎవరిదైన వారిదే పైచేయి. పాత్రను అంచువరకు నింపి చదును చేసి కొలుచుట ఒక పద్ధతి. పైన రాశి నిలుచునట్లు పోసి కొలుచుట మరియొక పద్ధతి. ఈ రాశి శంకువు ఆకారమున నిలుచును. దాని ఘనపరిమాణము పాత్ర మూతి వ్యాసార్ధముయొక్క ఘనమును బట్టి పెరుగును.

ఒక ఉదాహరణము చూతము. 5 సెంటీమీటర్ల వ్యాసార్ధము, 16 సెంటీమీటర్ల ఎత్తు గల పాత్ర ఒకటి. 8 సెంటీమీటర్ల వ్యాసార్ధము, 6.25 సెంటీమీటర్ల ఎత్తు గల పాత్ర మరియొకటి. రెండింటను పట్టునది సరిసమానముగా 1257 ఘనసెంటీమీటర్లే. పైన నిలుచు రాశి ఎత్తు వ్యాసార్ధములో సగ మనుకొన్నచో, మొదటి పాత్రపై 65, రెండవదానిపై 268 ఘనసెంటీమీటర్ల గింజలు అదనముగా నిలుచును. తేడా 203. ఆరు మార్లు కొలుచునప్పటికి దాదాపు ఒక నిండు కొలత అటునుండి ఇటు చేరును. నీళ్లు పోసి చూచిన రెండు పాత్రలును ఒకటే. ఇచ్చునపుడు సన్న మూతి పాత్రతోను, పుచ్చుకొనునపుడు వెడల్పు మూతి పాత్రతోను కొలుచువానిని ఏ సాక్ష్యముతోను పట్టుకొనలేరు. బరువుతో తూచు పద్ధతి ధాన్యమునకు వచ్చుటవలన పేదవానికి కలిగిన మేలు ఇందువలన తెలియును.

లెక్కల భారము

బడిపిల్లలకు వేరొక కష్టముండెను. ఆ కాలపు లెక్క ఒకటి ఇట్లుండును: వీశె బెల్లము వెల 1 రూపాయి 6 అణాల 4 పైలయినచో, 3 మణుగుల 5 వీశెల వెల యెంత? మొదట మణుగులను 8తో గుణించి వీశెలుగా మార్చవలెను. మొత్తము 29 వీశెలు. 29 నాలుగులు 116 పైలు. 12తో భాగింప 9 అణాల 8 పైలు. 29 ఆరులు 174, తొమ్మిది కలుప 183 అణాలు. 16తో భాగింప 11 రూపాయల 7 అణాలు. దానికి 29 రూపాయలు కలుపగా జవాబు 40 రూపాయల 7 అణాల 8 పైలు. ఒక్క లెక్కలో 8, 12, 16 అను మూడు వేరువేరు మెట్లు ఎక్కి దిగవలెను. దశాంశ పద్ధతిలో ఇట్టి లెక్క ఒక్క గుణకారముతో ముగియును. బిందువును సరియైన చోట నుంచిన చాలును.

ఈ కారణములవలన 1955లో నాణెముల చట్టము సవరింపబడి, 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి 100 నయాపైసలు వచ్చినవి. తూనికలు, కొలతల ప్రమాణముల చట్టము 1956లో వెలువడి, 1958 అక్టోబరు 1 నుండి అంచెలంచెలుగా అమలయినది. 1962 ఏప్రిల్ నుండి వ్యాపారమున పాత తూనికలు నిషేధింపబడినవి. నయాపైసలోని “నయా” అను మాట 1964 జూన్ 1న తొలగినది.

మార్పుకాలమున చిత్రమైన చిక్కులు ఏర్పడినవి. అణా సరిగా 6.25 నయాపైసలకు సమానము. పావు పైస నాణెము లేదు. కావున సగమును, సగముకంటె తక్కువయు వదలి, సగమునకు మించినదానిని పూర్తి పైసగా లెక్కించుట నియమము. అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 నయాపైసలు. కాణికి 1.56 రావలసియుండగా 2 వచ్చినవి. నాలుగు కాణులను విడివిడిగా మార్చినచో 8 నయాపైసలు. వానినే ఒక అణాగా మార్చినచో 6. పదహారు అణాలను విడివిడిగా మార్చినచో 96. ఒకేమారు మార్చినచో 100. సవరించిన సంఖ్యలను కూడిన మొత్తమును, మొత్తమును సవరించిన సంఖ్యయు ఒకటి కానక్కరలేదను గణితసూత్రమును నాడు అంగడికి పోయిన ప్రతి పిల్లవాడును అనుభవముతో నేర్చుకొనెను.

ఏ పేర్లు నిలిచినవి? ఏవి పోయినవి?

పాత పేర్లన్నియు ఒకేరీతిగా మరుగు కాలేదు. “పావలా” నిలిచినది, “బేడ” పోయినది. దీనిని నిర్ణయించినది అంకగణితమే. నూరును రెండు మార్లు మాత్రమే నిశ్శేషముగా సగము చేయవచ్చును: 50, 25. అందువలన అర్ధరూపాయి, పావలా కొత్త లెక్కలో సరిగా ఇమిడినవి. బేడకు పన్నెండున్నర, అణాకు ఆరుంపావు పైసలు వచ్చుటచే అవి ఇమడక తొలగిపోయినవి. పావలా నాణెము 2011 జూన్ 30 వరకు చెల్లినది. ఆ తరువాతను మాట మిగిలియే ఉన్నది. “పావలా వడ్డీ” అనగా నూరు రూపాయలకు నెలకు 25 పైసలు, సంవత్సరమునకు 3 శాతము.

కిలోగ్రాము విషయమునను ఇట్లే జరిగినది. 1000ని మూడు మార్లు సగము చేయవచ్చును: 500, 250, 125. కావుననే అరకిలో, పావుకిలో అను మాటలు సులభముగా అలవడినవి. అయితే ప్రభుత్వము నిర్ణయించిన రాళ్లు 1, 2, 5 అను వరుసలోనివి. 250 గ్రాముల రాయి అందులో లేదు. కొనువాడు పావుకిలో అని అడుగగా, అమ్మువాడు 200 రాయిని, 50 రాయిని కలిపి వేసెడివాడు. మనిషి అడుగునది సగముల లెక్క, తూచునది పదుల లెక్క. తులము సైతము పేరు నిలుపుకొని బరువును మార్చుకొన్నది. నేడు చాలమంది తులమనగా 10 గ్రాములనియే భావించుచున్నారు. పాత దస్తావేజులోని తులమును, నేటి తులమును ఒకటిగా తలచినవాడు ప్రతి తులమునకు 1.66 గ్రాములు పొరబడును.

సగముల పద్ధతికి గల ఒక గుణమును మాత్రము మరువరాదు. 1, 2, 4, 8 అను నాలుగు రాళ్లతో 1 మొదలు 15 వరకు ఏ బరువైనను తూచవచ్చును. 1, 2, 2, 5 అను నాలుగు రాళ్లతో 10 వరకే తూచగలము. రాళ్లను ఒకే సిబ్బెలో వేయునపుడు, తక్కువ రాళ్లతో ఎక్కువ బరువులు తూచుటకు రెట్టింపుల వరుసకు మించినది లేదు. కంప్యూటరు సైతము తన లెక్కలను రెండింటి ఘాతములలో చేయును. నేటి అంగడిలోని ఎలక్ట్రానిక్ తూనిక యంత్రము లోపల లెక్కించునది ద్విసంఖ్యలలో. పలకపై చూపునది దశాంశములలో.

ప్రమాణము ఎక్కడ ఉన్నది?

మానిక ప్రమాణము ఊరి పెద్ద యింట ఉండెను. కిలోగ్రాము ప్రమాణము పారిస్ సమీపమున ఉండెను. 1889 నుండి ప్లాటినమ్–ఇరిడియమ్ మిశ్రలోహపు స్తంభమొకటి ప్రపంచమంతటికిని కిలోగ్రాముగా నిలిచినది. దాని నకళ్లలో 57వ సంఖ్య గలది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నది. కాలక్రమమున మూలస్తంభమునకును నకళ్లకును నడుమ అతి సూక్ష్మమైన భేదములు కనబడినవి. చివరకు 2019 మే 20 నుండి ఆ స్తంభము ప్రమాణపదవిని కోల్పోయినది. కిలోగ్రామును ప్లాంక్ స్థిరాంకముయొక్క నిర్ణీత విలువను బట్టి నిర్వచించిరి. ఏ దేశపు ప్రయోగశాలయైనను తగిన సాధనములున్నచో కిలోగ్రామును స్వయముగా సాధింపవచ్చును. మానికను వదలి కిలోను చేపట్టుటకు ఏది కారణమో, లోహస్తంభమును వదలి స్థిరాంకమును చేపట్టుటకును అదియే కారణము. కొలత ఎవరి యింటిలోని వస్తువుపైనను ఆధారపడక, అందరికిని అన్నిచోట్లను ఒకటిగా నుండవలెను.

పాఠశాలలు చేయదగిన పని

పాత కొలతలను మరల వాడుకలోనికి తేవలెనని ఎవరును కోరరు. కాని వాని విలువలు తెలియకపోయిన నష్టము కలదు. ఆంధ్రదేశపు శాసనములలో భూమిని పుట్టి, తూము లెక్కలతో చెప్పిరి. పాత కౌలుపత్రములలో, ఇంటి లెక్కల పుస్తకములలో కుంచములు, వీశెలు నిండియున్నవి. ఏ ఊరి కుంచమో, ఎంత పట్టునో తెలియనిదే ఆ అంకెలనుండి పంట యెంతయో, కూలి యెంతయో తేల్చుట సాధ్యము కాదు. ప్రభుత్వపు పట్టికలలో లేని ఊరి కొలతలు కొన్ని పాత్రల రూపమునను, కొందరు వృద్ధుల జ్ఞాపకమునను మాత్రమే మిగిలియున్నవి.

వీనిని నమోదు చేయుటకు పెద్ద సాధనములు అక్కరలేదు. ఉన్నత పాఠశాలలోని కొలజాడీ చాలును. విద్యార్థులు తమ ఇండ్లలో అటకలపై పడియున్న సోలను, తవ్వను, మానికను తెచ్చి, అంచువరకు నీరు పోసి, ఆ నీటిని కొలజాడీలో కొలువవలెను. కారిపోవు పాత్రయైనచో నీటికి బదులు ఆవాలో, పొడి ఇసుకయో వాడవచ్చును. మూతి వ్యాసమును, పాత్ర లోతును స్కేలుతో కొలిచి వ్రాయవలెను. ఒకే పేరుగల పాత్రలు మూడునాలుగు దొరికినచో అన్నింటిని కొలిచి తేడాలను చూడవలెను. పాత్ర ఏ ఊరిది, దానితో ఏ ధాన్యము కొలిచిరి, రాశిగా పోసిరా చదును చేసిరా అను సంగతులు ఇంటి పెద్దలను అడిగి తెలిసికొనవలెను. పాత్ర మరి కొన్ని తరములు నిలువవచ్చును. రాశియా చదునా అని చెప్పగలవారు మాత్రము ఏటేట తగ్గుచున్నారు. కావున ఈ సంవత్సరమే అడుగుట మంచిది.